మెట్ల బావి: నిన్న చెత్తకుప్ప.. నేడు టూరిస్ట్ స్పాట్! పాత బావుల్లో జనాన్ని దింపే ముందు ఇవి చూడాల్సిందే

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్ల బావి 17వ శతాబ్దం నాటిది. ఒకప్పుడు జనానికి నీళ్లిచ్చిన ఈ బావి దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయింది. 2021లో పూడిక తీయడం మొదలైంది. ప్రభుత్వ శాఖలతో పాటు ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ సంస్థ ఈ పనిలో పాల్గొంది. 2022 డిసెంబర్ 5న బావి మళ్లీ ప్రారంభమైంది. ఇప్పుడది నగరంలో ఓ టూరిస్ట్ స్పాట్.

సరిగ్గా నాలుగు నెలలు కూడా గడవలేదు.. 2023 మార్చి 30, శ్రీరామనవమి. మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో ఓ గుడిలో పూజ జరుగుతుండగా నేల ఒక్కసారిగా కుంగింది. భక్తులు ఉన్నది పాత మెట్ల బావిపై వేసిన స్లాబ్ మీద! 36 మంది చనిపోయారు.

రెండూ పాత బావులే. ఒకదాన్ని తెరిచి బాగుచేశారు, ఇంకోదాన్ని కప్పేసి మర్చిపోయారు. మరి పాత బావిని సేఫ్‌గా వాడుకోవాలంటే ఏం చేయాలి?

నీళ్లు మెల్లగా తోడాలి: బావిలో నీళ్లు గోడలకు లోపలి నుంచి ఆసరాగా ఉంటాయి. మోటార్లు పెట్టి ఒకేసారి తోడేస్తే, వెనకున్న తడి మట్టి ఒత్తిడికి రాతి గోడ లోపలికి కూలొచ్చు.

గాలి చెక్ చేయాలి: కుళ్లిన చెత్త నుంచి విషవాయువులు వస్తాయి. ఆక్సిజన్ ఎంతుందో చూడకుండా ఎవరూ దిగకూడదు.

సున్నమే వాడాలి: పాత రాతి కట్టడానికి సున్నపు గచ్చే సరిపోతుంది. సిమెంట్ పూస్తే లోపలి తడి బయటకు పోలేక రాయి దెబ్బతింటుంది.

అంచున బరువు వద్దు: స్టేజీ, జనరేటర్, వాహనాలు బావి గట్టుకు దూరంగా ఉండాలి. ఆ బరువు కూడా గోడలనే నెడుతుంది.

జనానికి లిమిట్ ఉండాలి: తడి మెట్లు జారతాయి. రెయిలింగ్, లైట్లు, బయటికి వచ్చే దారి చూసుకున్నాకే ప్రోగ్రామ్ పెట్టాలి.

మురుగు కలవకుండా చూసుకుంటే వాన నీళ్లు మళ్లీ బావిలో చేరతాయి. అప్పుడు ఆ చోటు ఊరికి కళ, భూగర్భ జలాలకు బలం.

మీ వీధిలోనూ స్లాబ్ వేసి మూసేసిన పాత బావి ఉందా? ఆ స్లాబ్ మీద మండపం వేయొద్దు, జనాన్ని కూర్చోబెట్టొద్దు. వెంటనే మున్సిపాలిటీకో, పంచాయతీకో చెప్పండి.