వెనక చక్రాల బండికి టైర్లు కొనబోతే...

టైర్ల మీద కూడా వ్యాసమా అని పేజీ తిప్పెయ్యకండి. ఇంట్లో పదహారు దాటిన పిల్లలున్న వాళ్ళయితే అసలే తిప్పకండి!

మాకు రెండు కార్లు. ఒకటి ఇంటిల్లిపాదిదీ, కామ్రీ. రెండోది నా సరదా: 2013 నాటి ఎర్ర టయోటా 86, సెకండ్ హ్యాండులో కొన్నది. ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "మనం నలుగురం, ఇరవై కిలోల బియ్యం బస్తా... ఎవర్ని ఇంట్లో వదిలేస్తారండీ?" అని అడిగింది. ఇప్పటికీ జవాబు చెప్పలేకపోయాను.

కొన్నప్పుడు నేను చూసింది ఒకటే, కిలోమీటర్లు. వయసుకి చాలా తక్కువ తిరిగిన బండి. టైర్ల మీద గాడులు లోతుగా, కొత్తవాటిలా కనిపించాయి. అదృష్టం అనుకున్నాను.

2023 జులై. మా అబ్బాయి లాగ్ బుక్కులో 120 గంటలు నిండడానికి ఇంకా ఏడెనిమిది గంటలే మిగిలాయి. (విక్టోరియాలో ఇరవై ఒకటి నిండని పిల్లలు ఎల్-ప్లేట్ మీద అన్ని గంటలు నడిపితేగాని పి-ప్లేట్ పరీక్షకి పంపరు.) ఆదివారం ఉదయం, సన్నటి తుంపర, బయట ఐదు డిగ్రీలు. టార్నీట్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న రౌండబౌట్ దగ్గర వాడు రెండో గేరులో నెమ్మదిగా తిరిగాడు. సగం తిరిగాక యాక్సిలరేటర్ కొంచెం నొక్కాడు. అంతే! కారు వెనక భాగం పక్కకి జారిపోయింది. వాడు భయపడి కాలు పూర్తిగా తీసేశాడు. ఇంకా జారింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం టపటపా కొట్టుకుంటూ ఉండగానే వెనక చక్రం వెళ్ళి గట్టుకి కొట్టుకుని ఆగింది. చూస్తే మేం వచ్చిన దారి వైపు తిరిగి ఉన్నాం. వెనక ఎవరూ లేరు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

వాడు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "నాన్నా, నేనేం తప్పు చేశాను?" అన్నాడు. నిజం చెప్పాలంటే వాడు చేసిన తప్పు చాలా చిన్నది. పెద్దది నాది. అది నాకు మర్నాడు తెలిసింది.

మా పేటలో టైర్ల షాపు పెద్దాయన ఒకరున్నారు, గ్రీకు మనిషి. ఆయన వెనక టైరు దగ్గర వంగి గాడుల వైపు చూడనే లేదు. టైరు పక్కన గుడ్డతో తుడిచి, చిన్న గుండ్రటి గడిలో ఉన్న నాలుగు అంకెలు చూపించారు: 3815. అంటే 2015వ సంవత్సరంలో 38వ వారం. ఎనిమిదేళ్ళ నాటి రబ్బరు! ముందు టైర్లేమో 2021వి, పేరున్న కంపెనీవి. వెనకవి ఎవరూ వినని పేరు. పాత యజమాని వెనకవాటిని కాల్చేసి, అమ్మే ముందు ఎక్కడో పడి ఉన్న చవక జత తగిలించి ఉంటాడని ఆయన అంచనా. వెనక చక్రాలు నడిపే పాత బండ్లలో ఇది ఆయన తరచూ చూసే సంగతేనట. ముందు మంచి జత, వెనక చెత్త జత. ఉండాల్సిన దానికి సరిగ్గా తలకిందులు.

పిల్లలకి అర్థమయ్యేలా చెప్తాను. ఎడ్లబండిని ఎడ్లు ముందు నుంచి లాగుతాయి. బండి వాటి వెనకే బుద్ధిగా వస్తుంది. మన కామ్రీ లాంటి కార్లు అలాంటివి, ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్తుంది. కూరగాయల తోపుడు బండిని మాత్రం వెనక నుంచి నెడతారు. తడి నేల మీద మలుపు తిప్పుతూ గట్టిగా నెట్టి చూడండి, వెనక భాగం మీ చేతుల్లోంచి పక్కకి పోతుంది. వెనక చక్రాల కారు ఆ తోపుడు బండి. ముందు టైర్లకి దారి చూపించే పని ఒక్కటే. వెనక టైర్లు బండిని నెట్టాలి, మలుపులో పక్కకి జారకుండా పట్టి ఉంచాలి కూడా. ఒక్కో టైరు రోడ్డుని తాకే చోటు మన అరచెయ్యంత. ఆ అరచెయ్యే రెండు పనులూ చెయ్యాలి.

అందుకే ముందు చక్రాల కారు పట్టు తప్పితే తిరగకుండా తిన్నగా పోతుంది, మనం సహజంగానే కాలు తీస్తాం, బండి బరువు ముందుకి వచ్చి పట్టు మళ్ళీ దొరుకుతుంది. వెనక చక్రాల కారులో మలుపు మధ్య చటుక్కున కాలు తీస్తే అదే బరువు ముందుకి వచ్చి, వెనక చక్రాలు తేలికై, ఉన్న పట్టు కూడా పోతుంది. భయపడిన మనిషి మొట్టమొదట చేసే పని అక్కడ తప్పు పని అవుతుంది. మా వాడికి జరిగిందదే. కామ్రీలో వంద గంటలు నేర్చుకున్న కాలు అది!

"మరి ఆ పసుపు దీపం ఏం చేసినట్టు?" అని మీరు అడగొచ్చు. జారుడుని ఆపే ఆ ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఆస్ట్రేలియాలో 2013 నవంబరు నుంచి అమ్మే కొత్త ప్యాసింజర్ కార్లన్నిటికీ తప్పనిసరి. మంచిదే. కానీ అది చెయ్యగలిగింది ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వెయ్యడం, ఇంజను బలం తగ్గించడం. పట్టుని తయారు చెయ్యలేదు. రబ్బరు రోడ్డుని పట్టుకోనప్పుడు బ్రేకు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే.

ఇక ఏ టైర్లు కొనాలన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాం. నా ఉద్దేశం వెనక రెండూ మార్చేసి, అయినంత తక్కువలో బయటపడడం. మా వాడిది పూర్తిగా వేరు. వీడియోలు చూసి చూసి, రేసుల్లో వాడే మెత్తటి సెమీ-స్లిక్ టైర్లు కావాలన్నాడు, పైగా ఇంకా వెడల్పువి, 235. "నాన్నా, పట్టు లేకేగా జారింది? అన్నిటికన్నా ఎక్కువ పట్టు ఉన్నవే వేద్దాం." లాయరులా మాట్లాడాడు. నాకు వెంటనే తోచలేదు జవాబు.

జవాబు ఆ కారు కథలోనే దొరికింది. 2012లో టయోటా 86 ఆస్ట్రేలియాకి వచ్చినప్పుడు దాని ధర 29,990 డాలర్ల నుంచి మొదలు. పైరకానికి వేసిన టైరు మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పి. అదే రకం టైరు కొన్ని చోట్ల ప్రియస్‌కీ వేశారు! పెట్రోలు ఆదా కారు టైరు స్పోర్ట్స్ కారుకా అని అప్పట్లో చాలామంది నవ్వారు. అది పొదుపు కాదు, కావాలని చేసిన పని. తెత్సుయా తాదా అనే ఇంజనీరు నాయకత్వంలో తయారైన ఆ కారు ఉద్దేశమే వేరు. మామూలు వేగంలోనే నడిపేవాడికి బండి మాట వినిపించాలి, జారేముందు నెమ్మదిగా, ముందే చెప్పి జారాలి. పిల్లలూ, సరదాకి ఇంకో సంగతి: దాని ఇంజను సిలిండరు వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం కూడా 86 మిల్లీమీటర్లే.

సెమీ-స్లిక్ టైరుకి పట్టు ఎక్కువే, వేడెక్కాక. ఎండలో, రేస్ ట్రాక్ మీద. జులై ఉదయం ఐదు డిగ్రీల్లో అది గట్టిపడి ఉంటుంది. పైగా దానికి గాడులు తక్కువ కాబట్టి నీళ్ళు పోయే దారి లేదు. ఇంకా పెద్ద చిక్కు, అది జారే వేగం ఎక్కువ, జారేముందు చెప్పేది తక్కువ. ఒకే రోజులో నాలుగు ఋతువులు చూపించే మెల్బోర్న్‌లో, పి-ప్లేట్ పెట్టుకోబోయే పిల్లాడికి అది వద్దు. టైరు ఇంట్లో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్న మనిషికి సరిపోవాలి. ఇది నా అభిప్రాయం, ట్రాక్‌కి వెళ్ళే మిత్రులు ఒప్పుకోకపోవచ్చు.

నా చవక ఆలోచనని షాపు పెద్దాయన కొట్టేశారు. ఈ కారులో వెనక రెండు చక్రాల మధ్య లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటుంది. ఆ రెండు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే దాని మీద అనవసరంగా భారం పడుతుంది. ముందొక రకం వెనకొక రకం అయితే వానలో ఏ జత ముందు వదిలేస్తుందో తెలియదు. కాబట్టి నాలుగూ ఒకటే. అంత డబ్బు లేనివాళ్ళు రెండే కొంటే ఆ కొత్త జత వెనకే వెయ్యాలి. మీ కారు ఏదైనా సరే, ముందు చక్రాలదైనా సరే. వెనక జారితే సర్దుకోవడం మామూలు మనిషి వల్ల కాదు.

సైజు మార్చలేదు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు మీద ఏముందో అదే: 215/45ఆర్17. వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే సుమారు 97 మిల్లీమీటర్లు, రేడియల్, 17 అంగుళాల రిమ్ము. దాని పక్కన 87 అని ఉంటే ఆ టైరు 545 కిలోలు మోస్తుంది, 91 అయితే 615. స్టిక్కరు చెప్పినదానికన్నా తక్కువ అంకె ఎప్పుడూ వెయ్యకండి. చివరి అక్షరం వేగానికి. డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్లు. ప్రిన్సెస్ ఫ్రీవే మీద మనకి దానితో పని లేదు లెండి!

ట్రెడ్‌వేర్ అని ఇంకో అంకె ఉంటుంది. ఎక్కువ ఉంటే ఎక్కువ కాలం అరగదని, 200, అంతకన్నా తక్కువ ఉంటే మెత్తటి రబ్బరని సుమారుగా అర్థం. ఆ అంకె ఎవరి టైరుకి వాళ్ళే ఇచ్చుకుంటారు, అందుకని ఒక కంపెనీని ఇంకో కంపెనీతో పోల్చడానికి అంతగా పనికిరాదు. నేను చివరికి చూసింది మూడే. తడి రోడ్డు మీద పేరు, మూడొందల పైన ట్రెడ్‌వేర్, ఏడాది లోపు తయారీ తేదీ. షాపులో నిర్మొహమాటంగా నాలుగు టైర్ల తేదీలూ చూపించమని అడగండి. పచ్చడి సీసా మీద తేదీ చూడకుండా కొనం కదా!

అన్నీ కలిపి, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటుతో సహా వెయ్యి డాలర్లు దాటింది. గట్టుకి కొట్టుకున్న చక్రం అలైన్‌మెంటు బాగా తప్పిందట. బిల్లు చూసి మా ఆవిడ, "బియ్యం బస్తా కూడా పట్టని కారుకి ఇంతా?" అంది. మా వాడు మొదటిసారి నా పక్షాన మాట్లాడాడు.

షాపులో కూర్చున్నంత సేపూ టైర్ల మీద రాసిన దేశాల పేర్లు చదివాం. ఒక్కటీ ఆస్ట్రేలియాది కాదు. మెల్బోర్న్ సోమర్టన్‌లో ఫ్యాక్టరీ 2008లో, అడిలైడ్ దగ్గర సాలిస్‌బరీలో ఫ్యాక్టరీ 2010లో మూతపడ్డాక ఇక్కడ కారు టైర్లు తయారవ్వడం లేదు. అటు మన వైపు మాత్రం పెరుగుతున్నాయి. సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. పాతదే. 2020లో చిత్తూరు జిల్లా చిన్నపండూరులో అపోలో ఫ్యాక్టరీ మొదలైంది, ఆ ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022లో అచ్యుతాపురంలో యొకొహామా వాళ్ళది, పొలం యంత్రాలకీ గనుల బండ్లకీ. అరిగిన సైకిల్ టైరుని పుల్లతో కొట్టుకుంటూ బడికి పరిగెత్తిన నాకు ఆ పేర్లు చదువుతుంటే భలే అనిపించింది. మా వాడు మాత్రం ఫోన్లోంచి తల ఎత్తలేదు.

కొత్త టైరు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నున్నగా ఉంటుంది, అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన పూత ఇంకా పోదు. ఆ రోజులు నేనే నడిపాను. తర్వాత ఒక వాన సాయంత్రం ఖాళీ పార్కింగులో, స్థలం వాళ్ళని అడిగి, మా వాడి చేత కాలు చటుక్కున కాకుండా మెల్లగా తియ్యడం ఇరవైసార్లు చేయించాను. వాడికి విసుగొచ్చింది. నాకు రాలేదు.

ఆగస్టులో ఎర్ర పి-ప్లేట్ వచ్చింది. ఈ కారు వాడికి చట్టప్రకారం చెల్లుతుందా అని చాలామంది అడిగారు. విక్టోరియాలో కొత్త డ్రైవర్లకి టన్నుకి 130 కిలోవాట్ల దాకా అనుమతి. 86 బలం 147 కిలోవాట్లు, బరువు టన్నుంపావు దగ్గర, లెక్క వేస్తే సుమారు 118. చెల్లుతుంది. చట్టానికి చెల్లింది కదా అని వాళ్ళమ్మకి చెల్లలేదు. మొదటి ఆరు నెలలూ వాన పడితే కామ్రీయే అని ఒప్పందం రాయించుకుంది, ఫ్రిజ్ మీద అంటించింది.

నెలకోసారి గాలి, గాడుల లోతు చూసే పని వాడిదే. లోతు కొలిచే పరికరం కొన్ని డాలర్లే. కొత్తప్పుడు ఎనిమిది మిల్లీమీటర్లు. చట్టం ఒకటిన్నర దాకా ఒప్పుకుంటుంది, మా ఇంట్లో గీత మూడు దగ్గర గీశాం. పన్నెండు వేల కిలోమీటర్లకి ముందు ఏడు, వెనక ఆరు ఉన్నాయి. నాలుగూ ఒకే సైజు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోవచ్చు. వెనక టైర్లు వెడల్పుగా ఉండే కార్లకి ఆ సౌకర్యం లేదు.

"నాన్నా, శనివారం జాకీ వేసి మార్చేద్దామా? ఎక్కువ లోతున్నవి వెనకుండాలి కదా" అన్నాడు మొన్న, లాగ్ బుక్కు లాంటి నోటు పుస్తకంలో అంకెలు రాసుకుంటూ.

శనివారం వాన అంటున్నారు. ఆదివారం చేద్దామన్నాను.