శ్రమజీవి పింగళి వెంకయ్యగారు

ఏటేటా ఆగస్టు 2వ తేదీన మన పాఠశాలలలో పింగళి వెంకయ్యగారి పటానికి పూలమాల వేయడం పరిపాటి. బద్వేలు ప్రాంతపు పల్లెబడిలోని పిల్లవానిని అడిగినా, జాతీయ పతాకానికి రూపమిచ్చినవారి పేరు తడుముకొనక చెప్పగలడు. కాని ఆ పెద్దమనిషి ఎనుబదియారేండ్ల జీవితంలో ఏయే పనులు చేసి పొట్టపోసుకున్నారో చెప్పగలవారు అరుదు.

వెంకయ్యగారు 1876లో కృష్ణాజిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. యౌవనంలోనే సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధానికి వెళ్లారు. గాంధీజీతో ఆయనకు పరిచయం కలిగినది అక్కడనే. తిరిగివచ్చిన సిపాయికి సంసారభారం ఎదురయింది. కొంతకాలం రైల్వే గార్డుగా పనిచేశారు. అటుపిమ్మట బళ్లారిలో ప్లేగు అధికారి అయ్యారు. బళ్లారి ఆనాడు మన దత్తమండలాలలోనిదే. ఎలుక రాలిన ఇంటివారిని ఊరి వెలుపలికి తరలించడం, భయపడిన జనులకు నచ్చజెప్పడం ఆనాటి ప్లేగు ఉద్యోగులకు నిత్యకృత్యం. ప్రాణాలకు తెగించి చేయవలసిన కొలువు అది.

ఆయన చేపట్టిన ప్రతి పనినీ మూలం ముట్టేదాకా నేర్చేవారు. మునగాల సంస్థానంలో కంబోడియా పత్తి సాగుపై పరిశోధన గావించి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నారు. జపాను భాష నేర్చి, 1913లో బాపట్ల సభలో ఆ భాషలో ప్రసంగించి 'జపాన్ వెంకయ్య' అయ్యారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో వ్యవసాయం, చరిత్ర బోధిస్తూనే, విద్యార్థులకు గుర్రపుస్వారీ, సైనిక శిక్షణ కూడ నేర్పారు. ఆఫ్రికాలో గడించిన సిపాయి విద్య అక్కడ అక్కరకు వచ్చింది. పిదప నెల్లూరులో చాలకాలం నివసించి అభ్రకాన్ని పరిశోధించారు. బద్వేలుకు తూర్పున వెలిగొండలు దాటితే ఆ సీమయే.

పతాకం కూడ ఈ శ్రమలోనుండి పుట్టినదే. పలు నమూనాలతో ఆయన 1916లోనే ఒక పుస్తకం ప్రకటించారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా ఆయన గాంధీజీకి జెండా సమర్పించే నాటికి అయిదేండ్లు గడిచాయి. ఆ జెండాయే 1931లో మార్పులు పొంది, 1947 జూలై 22న రాట్నం స్థానాన అశోకచక్రాన్ని ధరించి, రాజ్యాంగసభ ఆమోదం పొందింది.

దేశం స్వతంత్రమైనది; వెంకయ్యగారి ఇల్లు మాత్రం కలిమి ఎరుగలేదు. వృద్ధాప్యంలో సైతం ఖనిజ పరిశోధన మానలేదు. చివరి దినాలలో విజయవాడ చిట్టినగరులో ఒక గుడిసెలో కాపురమున్నారు. సైన్యంలో పనిచేసినందుకు ప్రభుత్వమిచ్చిన స్థలమది అంటారు. ఇది నిజమైతే, జెండా ఇచ్చినవానికి దేశం ఇవ్వలేని నీడను, ఆనాటి సిపాయి కొలువు ఇచ్చినదన్నమాట! 1963 జనవరిలో విజయవాడ పెద్దలు ఆయనను సన్మానించి కొంత నిధి సమర్పించారు. అదే సంవత్సరం జూలై 4న ఆయన కన్నుమూశారు. తపాలా బిళ్ల 2009లో గాని వెలువడలేదు. రాష్ట్ర ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లి, వయోవృద్ధురాలైన ఆయన కుమార్తెను సత్కరించినది 2021లో. తండ్రికి చెల్లవలసిన మర్యాద బిడ్డకైనా దక్కింది; కాని అప్పటికి ఆయన పోయి ఏబదియేడేండ్లు దాటాయి.

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. వచ్చే ఆగస్టులో పటానికి మాల వేసిన తరువాత, నల్లబల్లపై ఈ మాటలు వరుసగా వ్రాయండి: సిపాయి, రైల్వే గార్డు, ప్లేగు అధికారి, పత్తి పరిశోధకుడు, అధ్యాపకుడు, ఖనిజ శోధకుడు. మన తరగతిలోని పిల్లల తండ్రులలో సైన్యంలో చేసినవారున్నారు, లారీ నడిపేవారున్నారు, కూలికై కువైటు వెళ్లినవారున్నారు. నల్లబల్లపై నున్న జీవితం తమ ఇంటి జీవితం వంటిదేనని ఆ పిల్లలు గ్రహించాలి. తమ తండ్రి చేతిపనిని వారు గౌరవంతో చూడగలిగిన నాడు, వెంకయ్యగారికి మనం పడిన ఋణంలో కొంతయినా తీరుతుంది.