ఏ ఎద్దులకైనా ఒకే కాడి

పాస్‌వర్డ్ కొడితే వైఫై తగులుకుంటది, అంతే కదా నీకు తెలిసింది! 1990ల మొదట్లో కర్నూల్లోనో ఆదోనిలోనో ఒక ఆఫీసులో రెండు పీసీలను కలపాలంటే పూటంతా పట్టేది నాయనా.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాంట్లోని డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఫ్లాపీ తెలుసు, ప్రింటర్ తెలుసు. పక్క బల్ల మీద ఇంకో కంప్యూటర్ ఉందన్న ధ్యాసే లేదు. నెట్‌వర్క్ కార్డు విడిగా కొని లోపల స్లాట్‌లో గుచ్చాల. నావెల్ కంపెనీ ఎన్‌ఈ2000 రకానివి బాగా నడిచినాయి. కార్డు మీద గోటితో పీకి మార్చే జంపర్లుంటాయి. ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ నంబరు 3కి పెట్టినావనుకో, రెండో సీరియల్ పోర్టుదీ అదే నంబరు. ఇద్దరూ తగాదా పడితే మిషన్ బిగుసుకుపోతది.

కార్డు కుదిరినా పని సగమే. సాఫ్ట్‌వేర్ రెండంతస్తులు. కింద డ్రైవర్, ఆ కార్డును పలికించడం దాని పని. పైన ప్రోటోకాల్, సమాచారాన్ని పొట్లాలు కట్టి చిరునామా రాసేది. నావెల్‌ది ఐపీఎక్స్, ఇంటర్నెట్‌ది టీసీపీ/ఐపీ. మొదట్లో ప్రోటోకాల్ రాసేవాళ్లే ఒక్కో కార్డుకూ విడిగా కోడ్ రాసుకునేవాళ్లు. పది కార్డులు, ఐదు ప్రోటోకాళ్లు అనుకో, యాభైసార్లు అదే చాకిరీ. పైగా ఒకటి కార్డును పట్టుకుందంటే ఇంకోదానికి దక్కదు.

మన చేలో చూడు. ఎద్దులు మారినాయని గొర్రు కొత్తది చేయించం. గొర్రు తీసి గుంటక కట్టాలన్నా ఎద్దులను మార్చం. మధ్యలో కాడి ఉండాది కాబట్టి. పీసీకి అట్లాంటిదే కావాల్సి వచ్చింది.

1980ల రెండో సగంలో అమెరికాలో ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ ప్యాకెట్ డ్రైవర్ పద్ధతి రాసి అందరికీ ఇచ్చేసింది. కిటుకు ముచ్చటగా ఉంటది. డ్రైవర్ మెమరీలో ఒక మూల కూచొని, తన తలుపు మీద ‘పీకేటీ డీఆర్‌వీఆర్’ అని గుర్తు రాసుకుంటది. ప్రోటోకాల్ వచ్చి సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్ నంబర్లు ఒక్కొక్కటే తట్టి, ఆ గుర్తు ఉన్నచోట ఆగి, ‘0800 రకం పొట్లాలు వస్తే నాకియ్యి’ అని చెప్పుకుంటది. ఐపీ పొట్లాల రకానికి గుర్తు ఆ నంబరే. వేరే రకం ఇంకొకరికి. అట్ల ఒకే కార్డు మీద ఇద్దరు కాపురం చేసినారు. క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయంలో రస్సెల్ నెల్సన్ ఇట్లాంటి డ్రైవర్లన్నీ పోగేసి, సోర్సుతో సహా ఉచితంగా పంచినాడు. నా లెక్కలో కార్డులు అమ్ముకున్న కంపెనీల కన్నా ఆయనే ఎక్కువ మేలు చేసినాడు.

కానీ పెద్దోళ్లు ఊరుకుంటారా? మైక్రోసాఫ్ట్, త్రీకామ్ కలిసి ఎన్‌డీఐఎస్ అన్నాయి. నావెల్, యాపిల్ కలిసి ఓడీఐ అన్నాయి. మూడు కాడులు తయారైనాయా, ఒకదాన్ని ఇంకోదానిలా నటింపజేసే అతుకు ప్రోగ్రాములు పుట్టినాయి. ప్రతిదీ డాస్ ఇచ్చే 640 కేబీలోనే ఇంత జాగా తినేది. నెట్‌వర్క్ వచ్చె, అసలు పని చేసే ప్రోగ్రాముకు చోటు లేకపోయె!

విండోస్ 3.1లోనూ టీసీపీ/ఐపీ లేదు. ఆ లోటు తీర్చింది టాస్మేనియాలోని పీటర్ టాటమ్ రాసిన ట్రంపెట్ విన్‌సాక్ అనే ప్రోగ్రాము. వాడుకున్నోళ్లు కొల్లలు, డబ్బు కట్టినోళ్లు తక్కువ. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. తొమ్మిది రోజులకే విండోస్ 95 టీసీపీ/ఐపీని డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ఆ మూడు కాడుల్లో ఎన్‌డీఐఎస్ మటుకు ఇప్పటికీ విండోస్‌లో పని చేస్తానే ఉండాది.