సంఘ రికార్డులు, డిజిటల్ పరిశోధన: తొలిదశ ఫెలోషిప్పుల ప్రయోజనము

కంప్యూటరు సహాయముతో చరిత్ర, సాహిత్యము, వేదాంతము మొదలగు విషయములను పరిశోధించు విధానమును డిజిటల్ హ్యుమానిటీస్ అందురు. ఇది మనకు పరాయిది కాదు. దీనికి ఆద్యుడుగా పలువురు పేర్కొను రొబెర్టో బూసా ఒక జెస్యూట్ గురువు. థామస్ అక్వినాసు రచనలలోని పదములకు సూచిక తయారుచేయ సంకల్పించి, ఆయన 1949లో ఐ.బి.ఎం. అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసికొనెను. ఆ సూచిక 56 సంపుటములుగా ముగియుటకు సుమారు మూడు దశాబ్దములు పట్టెను.

ఇట్టి దీర్ఘకాల కార్యమునకు ఆరంభములోనే ఆసరా కావలెను. అందుకొరకే కొన్ని విశ్వవిద్యాలయములు ఫెలోషిప్పులు ఇచ్చుచున్నవి. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయము 1992లో ఇందుకై ఒక సంస్థను నెలకొల్పెను. చరిత్రకారుడు ఎడ్వర్డ్ అయర్స్, సాహిత్య విమర్శకుడు జెరోమ్ మెక్‌గాన్ దాని తొలి ఫెలోలు. అక్కడ ఫెలోకు ముఖ్యముగా లభించినవి రెండు: బోధనా భారము నుండి కొంత విడుదల, సాంకేతిక నిపుణుల తోడ్పాటు. అయర్స్ దేశమంతటిని తలకెత్తుకొనలేదు. అంతర్యుద్ధ కాలపు రెండు కౌంటీలను మాత్రమే ఎంచుకొనెను. లేఖలు, దినచర్యలు, వార్తాపత్రికలతోపాటు సంఘ రికార్డులును ఆ సేకరణలో చేరినవి.

కావున తొలిదశ అనగా వేల పుటలు స్కాన్ చేయుట కాదు. ఏ ప్రశ్నకు జవాబు వెదకుచున్నాము? కొద్ది పుటలతో ఆ పద్ధతి పనిచేయునా? ఎవరి అనుమతి కావలెను? ఈ మూడింటిని తేల్చుకొనుటయే తొలిదశ.

మా తొర్రూరు ప్రాంతపు బాప్తిస్మపు రిజిష్టర్లనే తీసికొందము. మల్లయ్యగా వచ్చినవాడు మోషేగా వ్రాయబడును. ఒకే పేరు ఒకచోట ఏసోబు, మరియొకచోట యేసోబు. వీరిద్దరు ఒకరేనని యంత్రము తనంతట గ్రహించదు. ఊరి పెద్దలను విచారించి పట్టిక సిద్ధపరచవలెను. ఇది తీరిక కోరు పని.

మూడవ ప్రశ్న మరింత గంభీరమైనది. పాత రిజిష్టర్లను ఫోటోలు తీయించవలెనని మేము సంఘములో ప్రస్తావించినప్పుడు ఒక పెద్దాయన, “అయ్యగారూ, మా తాత పేరు పక్కన రాసిన కులం గూడ లోకమంతా చూస్తదా?” అని అడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులు తప్ప ఇతరులు షెడ్యూల్డు కులస్థులుగా పరిగణింపబడరు. సిక్కులు 1956లో, బౌద్ధులు 1990లో చేర్చబడిరి. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రములో బి.సి.-సి వర్గమునకు చెందుదురు. తాతగారి బాప్తిస్మపు పుట ఇంటర్నెట్టులో కనబడినచో మనుమని ధ్రువపత్రముపై వివాదము లేవవచ్చును. పరిశోధకునికి అది సమాచారము, ఆ కుటుంబమునకు బ్రతుకుతెరువు.

అందుచేత ఫెలోషిప్పుకు దరఖాస్తు చేయు మన విద్యార్థులకు మా సలహా ఇది. ఒక సంఘము, ఒక రిజిష్టరు, కొద్ది పుటలతో ఆరంభించండి. సంఘ పెద్దల సమ్మతిని వ్రాతపూర్వకముగా పొందండి. భద్రపరచుట వేరు, బహిరంగపరచుట వేరు అని ప్రణాళికలోనే స్పష్టము చేయండి. పేర్లు, కులములు తొలగించిన పట్టికను మాత్రమే ప్రచురించండి. మూల ప్రతి, దాని చిత్రములు సంఘము అధీనములోనే ఉండవలెను.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించుకొనునని లూకా 14వ అధ్యాయములోని ఉపమానము బోధించుచున్నది. తొలిదశ ఫెలోషిప్పు అట్లు కూర్చుండుటకు దొరకు అవకాశమే. ఆ లెక్కలో ధనము, కాలముతోపాటు మనుష్యుల క్షేమమును కూడ చేర్చవలెను.