కోటగోడ యీవల నిలిచిన ఫైలు

పాన్‌గల్ కొండకోట నెక్కినవా రెరుగుదురు: ఒక గోడ దాటినంతనే ప్రయాణము ముగియదు, దాని లోపల మరియొక గోడ, అచట మరియొక ద్వారము. కంప్యూటర్ల నడుమ ఫైళ్లు పంచుకొనుటలోను ఇట్టి చిక్కే కలదు.

ఇంటి ఛాయాచిత్రములు, పొలము కాగితముల ప్రతులు ఒక యంత్రమున దాచి, వేరొక యంత్రమునుండి అవి తనవే యన్నట్లు చూచుకొనుటకు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అను విధానము కలదు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు 1984లో దీనిని రూపొందించిరి. అట్లు తగిలించుకొనుటయే మౌంటు. రాకపోకలను పరీక్షించు కావలి ఫైర్‌వాల్. ఇది నడుమ నున్నచో మౌంటు తరచు నిలిచిపోవును.

1995లో ప్రకటితమైన మూడవ కూర్పులో పని యంతయు ఒక్క ద్వారమున సాగదు. ఫైళ్ల రాకపోకలకు 2049వ పోర్టు. ఏ సేవ యెచట నున్నదో తెలుపుటకు 111వ పోర్టు. మౌంటున కనుమతించు సేవ, ఇద్దరొకేసారి వ్రాయకుండ గడియవేయు సేవ మున్నగువానికి చోటు స్థిరపరుపనిచో, యంత్రము మరల మొదలైనప్పుడు అవి క్రొత్త పోర్టులకు మారవచ్చును. నిన్న నడచినది నేడు నడవకుండుట కిది తరచు హేతువు.

యంత్రము పలుకు మాటను శ్రద్ధగా వినవలెను. సర్వరు అనుమతి నిరాకరించిన దన్నచో సందేశము చేరినదనియే యర్థము. అప్పుడు సర్వరులోని ఎక్స్‌పోర్ట్స్ పట్టికను చూడవలెను గాని ఫైర్‌వాల్‌ను నిందింపరాదు. వెంటనే తిరస్కారము వచ్చినచో ఆ పోర్టున వినువారు లేరు, లేదా కావలి త్రోసిపుచ్చినది. ఎంతసేపటికిని బదులు రాక గడువు మీరినచో, కావలి సందేశమును నిశ్శబ్దముగా పారవేయుచున్నదని అనుమానింపవలెను.

ఇంకొక వింత. మౌంటు కుదురును, పేర్ల పట్టిక కనబడును, ఫైలు తెరచి గడియ వేయబోగా కార్యక్రమము కదలదు. గడియకై వేచియున్నవారికి వంతు వచ్చినదని సర్వరే తిరిగి కబురంపును. కావున మన యంత్రపు ఫైర్‌వాల్‌ను గూడ పరీక్షింపవలెను. దీనిని మరచువారే యెక్కువ.

విసిగి ఫైర్‌వాల్‌ను పూర్తిగా తొలగించువారు కలరు. అది తగదు. సాధారణపు టమరికలో సర్వరు, ఎదుటి యంత్రము చెప్పిన వినియోగదారు సంఖ్యనే నమ్మును. ఫైళ్లును గుప్తలిపి లేకయే పోవును. సంచరించు సేవలకు స్థిరమైన పోర్టులు నిర్ణయించి (మౌంటు సేవకు 20048 వాడుక), తెలిసిన యంత్రములకు మాత్రమే వానిని తెరువవలెను.

అంతకన్న సులభము నాల్గవ కూర్పు. 2000లో మొదట వెలువడి 2003లో సవరింపబడిన దీనికి టీసీపీ 2049 ఒక్కటే చాలును. గడియల పనియు అందులోనే జరుగును. ఐనను షోమౌంట్ అను ఆజ్ఞ పాత మౌంటు సేవనే అడుగును గనుక, అది విఫలమైనంత మాత్రమున నాల్గవ కూర్పు నడవదని తలపరాదు. ఒకసారి మౌంటు చేసియే చూడవలెను.