చీకటిపడిన అంకెలు

పాతవస్తువును పారవేయుటకు మన ఇండ్లలో చాలినంత కారణము ఒకటి ఉన్నది: దాని ముఖము కనబడకపోవడము. గడియారము నడుస్తున్నా ముల్లు విరిగితే అటకెక్కుతుంది. రేడియో పాడుతున్నా డయలు దీపము ఆరిపోతే గుజరీ అంగడికి పోతుంది. అటువంటి గండమును తప్పించుకొన్న ఒక యంత్రమును గురించి ఈ నెల చెప్పదలచినాను.

మా చిన్నాన్నగారు బెంగుళూరులో ఒక కర్మాగారపు ప్రయోగశాలలో పనిచేసి 1991లో విశ్రాంతి పుచ్చుకొన్నారు. అక్కడి వేలములో కొన్న ఫ్రీక్వెన్సీ కౌంటరు వారింట ఉన్నది. సెకనుకు ఎన్ని ప్రకంపనలు వస్తున్నవో లెక్కించి అంకెలలో చూపడము దాని పని. డిప్లొమా చదువుతున్న మనుమడికి దానిని ఇవ్వాలని ఆయన ఆశ. కాని అంకెలు ఆరిపోయి కొన్నేండ్లయినది. పండుగకు ఇల్లు సర్దుతూ, "గుజరీవాడికి వేసేద్దామండీ" అన్నది పిన్ని. చిన్నాన్నగారు మారుమాట ఆడలేదు గాని, ఆ పూట సరిగా భోజనము చేయలేదు. ఆయన చూపు మందగించినది. "మీరు చెప్పండి, నేను విప్పుతాను" అన్నాను.

ఈ యంత్రములో అంకెలు చూపేవి నిక్సీ గొట్టాలు. అమెరికాలోని బరోస్ సంస్థ 1955లో వీటిని బజారుకు తెచ్చినది. గాజుబుడ్డిలో నియాన్ వాయువు. లోపల సున్న మొదలు తొమ్మిది వరకు సన్నని లోహపు అంకెలు ఒకదాని వెనుక ఒకటి. ముందు వల వంటి ఆనోడు. సుమారు 170 వోల్టులు ఇచ్చి ఏ అంకెను భూమికి కలిపితే, దాని చుట్టూ నారింజరంగు వెలుగు పుట్టుతుంది. 1970 తరువాత చవుకైన ఎల్.ఇ.డి. అంకెలు వచ్చి వీటిని వెనుకకు నెట్టినవి.

మొదటి పాఠము ప్రాణానికి సంబంధించినది. ప్లగ్గు తీసివేశాను గదా అని రెండు చేతులూ లోపల పెట్టబోయాను. చిన్నాన్నగారు చేతిమీద ఒక్కటి వేశారు. "ఒరే, ప్లగ్గు తీసినా కెపాసిటరులో కరెంటు నిలిచియుంటుందిరా!" అన్నారు. 10 కిలో ఓముల లావుపాటి రెసిస్టరుకు తొడుగుగల తీగలు కట్టి కెపాసిటరుకు తాకించి, మీటరులో సున్న చూచిన తరువాతనే చేయి పెట్టనిచ్చారు. మరల కరెంటు ఇచ్చినప్పుడు కూడా నేరుగా ఇవ్వలేదు. 60 వాట్ల పాత బల్బును సీరీసులో కట్టి ఇచ్చాము. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి చెప్పుతుంది, యంత్రము మాడదు. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు ఒక చేయి వీపు వెనుకనే.

ఆరు గొట్టాలూ ఒకేసారి చావవు. కాబట్టి లోపము అన్నిటికీ ఉమ్మడియైన చోటనే వెదకవలెను. "కొళాయిలో నీళ్లు రాకపోతే ఏం చేస్తావు? ఎందాకా వచ్చినవో చూస్తూ పోతావు" అన్నారు చిన్నాన్నగారు. ఫ్యూజు బాగున్నది. రెక్టిఫయరు దాటి వోల్టేజి ఉన్నది. దాని తరువాతి రెసిస్టరు దాటితే లేదు. ఏండ్ల వేడికి అది తెగిపోయినది. కొన్ని రూపాయల వస్తువు మార్చగానే అంకెలు వెలిగినవి. పిన్ని వంటింట్లోనుంచి వచ్చి చూచినది.

కాని కుడినుండి మూడవ స్థానములో 7 రావలసినప్పుడల్లా చీకటి. గొట్టము పోయినదని నేనే నిశ్చయించుకొని, రెండువేలు పోసి కొత్తది తెప్పించాను. పెట్టి చూస్తే అదే చీకటి! ఆయనను అడగకుండా తెప్పించినందుకు సిగ్గుపడినాను. "పక్క గొట్టముతో మార్చి చూడవలసింది. జబ్బు గొట్టముతో పోతే గొట్టానిది; చోటులోనే ఉంటే సాకెట్టుదో, దాని వెనుక 7441 అనే ఐ.సి.దో. దానికి కానీ ఖర్చు లేదు గదరా" అన్నారు. సాకెట్టు విప్పితే 7 అంకె కాలికి పచ్చని కిలుము. స్పిరిటుతో తుడిచి, పట్టును బిగిస్తే 7 వెలిగినది.

ఎడమ చివరి గొట్టమును అట్లే మార్చి చూచితే జబ్బు గొట్టముతోనే వచ్చినది. 4, 8 అంకెలు ముక్కలు ముక్కలుగా వెలిగినవి. కారణము విచిత్రము. ఆ స్థానములో ఏండ్ల తరబడి సున్నయే వెలిగినది. వెలిగే అంకెనుండి లేచిన లోహపు రజను, పనిలేక ఊరకున్న అంకెలమీద పేరుకొన్నది. పేరుకొన్నచోట వెలుగు పట్టదు. కరెంటు పెంచి ఆ అంకెనే కొన్ని గంటలు వెలిగిస్తే మరక తొలగుతుంది గాని, అతిగా పెంచితే గొట్టమునకే ముప్పు. "తొందరెందుకు, దానికి పని చూపించు" అని, అంకెలన్నీ మారుతూ ఉండే కుడి చివరకు దానిని మార్పించారు. రోజూ కొంతసేపు నడిపించాము. నెలన్నరకు 4 నిండినది. 8కి మాత్రము క్రింది మూల ఇంకా కొద్దిగా చీకటిగానే ఉన్నది.

ఉగాదినాడు మనుమడు వచ్చి దానిని ఒడిలో పెట్టుకొని తీసుకుపోయాడు. యంత్రముతోపాటు, కట్టిపెట్టిన ఆ లావుపాటి రెసిస్టరును కూడా చిన్నాన్నగారు వాడి చేతిలో పెట్టి, "ముందు ఇది, తరువాత చేయి" అన్నారు. నేను తొందరపడి కొన్న గొట్టము కూడా వాడి సంచిలోనే పోయినది. ఎప్పటికైనా పనికివస్తుందిలే అని ఆయనే వేశారు.