సర్కారు బడి పద్దులో మన పిల్లల వాటా

మన సంఘం కార్యక్రమాలలో నలుగురు తల్లిదండ్రులు ఒకచోట చేరితే ముందుగా దొర్లే మాట పిల్లల ఫీజు. ఎల్.కె.జి.కి ఇంత కట్టాం, ప్లస్ వన్‌కు అంత అడుగుతున్నారు అన్న ముచ్చటే. ఊరి నడిబొడ్డున పెద్ద మైదానంతో, వేలమంది పిల్లలతో నిలబడి ఉన్న ప్రభుత్వ పాఠశాల మాట మాత్రం ఎవరి నోటా రాదు. అందులో చదివి పైకి వచ్చిన పెద్దలు సైతం "ఒకప్పుడు బాగుండేది" అని నిట్టూర్చి ఊరుకుంటారు. బ్యాంకు ఉద్యోగిని కనుక ఏ విషయాన్నయినా జమా ఖర్చుల పద్దుగా చూడడం నాకు అలవాటు. తమిళనాడులోని పెద్ద ప్రభుత్వ హయ్యర్ సెకండరీ పాఠశాల మన పిల్లలకు ఏమిస్తుందో, ఎక్కడ లోటు పడుతుందో ఆ లెక్కనే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఈ బడులతో మన తెలుగువారికి పాత అనుబంధమే ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఆహారం పెట్టించారు. పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించరాదన్నది నాటి తీర్మానం. త్యాగరాయనగర్‌కు పేరిచ్చిన ఆయన తెలుగువారేనని మన పిల్లలలో ఎందరికి తెలుసు? తర్వాత 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. ఆ పథకాన్ని రాష్ట్రమంతటికీ విస్తరింపజేశారు. ఈనాడు పదవ తరగతి వరకు అందుతున్న మధ్యాహ్న భోజనానికి మూలం అదే.

ఇక చదువుల సంగతి. తమిళనాడులో 1978లో ప్లస్ టూ విధానం వచ్చింది. కర్ణాటకలోను, ఒడిశాలోను పదవ తరగతి తర్వాత పిల్లలు సాధారణంగా మరో కళాశాల వెతుక్కోవాలి. ఇక్కడ ఆరవ తరగతిలో చేరిన పిల్లవాడు అదే ఆవరణలో పన్నెండు పూర్తి చేయవచ్చు. పిల్లల సంఖ్య ఎక్కువగా ఉండడంవల్ల పెద్ద బడికి ఒక సౌకర్యం ఉంది. గణితం-జీవశాస్త్రం, గణితం-కంప్యూటర్ సైన్స్, కామర్స్-అకౌంటెన్సీ, ఆర్ట్స్, వృత్తివిద్య అంటూ పలు గ్రూపులు నడపగలుగుతుంది. ఇంగ్లీషు మీడియం సెక్షన్లూ ఉన్నాయి. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నాననుకోకండి గాని, మార్కులు వచ్చిన ప్రతి పిల్లనూ సైన్సు గ్రూపులోకే తోయడం మన ఇళ్లలో ఒక జాడ్యమైపోయింది. అకౌంటెన్సీలో పునాది గట్టిగా పడినవారికి సి.ఎ. మొదలు బ్యాంకు పరీక్షల వరకు దారులు తెరిచే ఉన్నాయి.

ఈ బడిలో చదువు ఫీజు లేదు. పుస్తకాలు, బస్ పాసు, పదకొండవ తరగతిలో సైకిలు ఉచితం. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనివి, తెలిసినా ఆలస్యంగా తెలిసేవి మరి మూడున్నాయి.

మొదటిది రిజర్వేషను. 2020లో తమిళనాడు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఆరు నుంచి పన్నెండవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలల్లో చదివి, నీట్‌లో అర్హత పొందినవారికి వైద్యవిద్యలో 7.5 శాతం సీట్లు ప్రత్యేకించింది. 2021లో ఇంజనీరింగు, వ్యవసాయం, పశువైద్యం, న్యాయశాస్త్రం వంటి కోర్సులకూ దీనిని వర్తింపజేశారు. ఈ కోటాలో సీటు పొందినవారి కళాశాల ఫీజును ప్రభుత్వమే భరిస్తుందని అప్పుడే ప్రకటించారు.

రెండవది నెలకు 1,000 రూపాయల సాయం. 2022 సెప్టెంబరులో మొదలైన 'పుదుమై పెణ్' పథకం కింద, ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్ల కళాశాలలో చేరితే చదువు పూర్తయ్యేవరకు ఆమె ఖాతాలోనే ఆ మొత్తం జమ అవుతుంది. మగపిల్లలకు 2024 ఆగస్టులో 'తమిళ్ పుదల్వన్' పేరుతో ఇటువంటిదే వచ్చింది.

మూడవది కేంద్రప్రభుత్వంవారి ప్రతిభా ఉపకారవేతనం, ఎన్.ఎం.ఎం.ఎస్. అంటారు. ఇది 2008 నుంచి ఉంది, అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. ఎనిమిదవ తరగతిలో పరీక్ష రాయాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించరాదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులతోపాటు ఎయిడెడ్ బడుల పిల్లలూ అర్హులే. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000 రూపాయలు.

ఇప్పుడు పద్దు వేద్దాం. ఉపకారవేతనం నాలుగేళ్లకు 48,000. మూడేళ్ల డిగ్రీకి నెలకు వెయ్యి చొప్పున 36,000. మొత్తం 84,000 రూపాయలు. కట్టకుండా మిగిలిన ప్రైవేటు ఫీజును ఇందులో కలపలేదు. ఏడున్నర శాతం కోటాకయితే నేను వెల కట్టలేను.

అయితే షరతులోనే మెలిక ఉంది. ఆరు నుంచి పన్నెండు వరకు అన్నారు గదా. అయిదేళ్లు ప్రభుత్వ బడిలో చదివించి, "పబ్లిక్ పరీక్షలకు గట్టి తర్ఫీదు ఉంటుంది" అని ఆఖరి రెండేళ్లకు ప్రైవేటుకు మార్చే తల్లిదండ్రులు మనలో చాలామంది. ఆ మార్పుతో 7.5 శాతం కోటా చేజారిపోతుంది. మన తెలుగువారు నడిపే పేరున్న పాఠశాలల్లో అనేకం ఎయిడెడ్ సంస్థలు. అక్కడ చదివినవారికి ఈ కోటా వర్తించదు. నెలసరి సాయం విషయంలో కూడా ఎయిడెడ్ బడులలో తమిళ మాధ్యమం వారినే 2024లో చేర్చారు. ఆ బడులు మంచివి కావని నా ఉద్దేశం కాదు. ఏది వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలన్నదే నా మనవి.

ఒడిశా, యానాం పాఠకులూ తమ లెక్క చూసుకోవాలి. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్య, ఇంజనీరింగు సీట్లలో 15 శాతం కేటాయించాలని ఒడిశా మంత్రివర్గం 2022లో నిర్ణయించింది. పుదుచ్చేరిలో 2023లో వైద్యవిద్యకు 10 శాతం కోటా వచ్చింది. యానాం దాని పరిధిలోనిదే. షరతులు ఒక్కోచోట ఒక్కో తీరు కనుక ప్రధానోపాధ్యాయులను అడిగి తెలుసుకోవడం మేలు.

బ్యాంకు కౌంటరు దగ్గర నేను పదేపదే చూసిన చిక్కు ఒకటి చెప్పాలి. తమిళనాట బడి రికార్డులో పిల్లల పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. మన ఇళ్లలో ఆధార్ కార్డుపై ఇంటిపేరు ఉంటుంది. పిల్ల ఒక్కతే, పేర్లు రెండు! మంజూరైన డబ్బు ఖాతాలో పడక ఆగిపోతుంది. ఆరవ తరగతిలో చేర్చేనాడే రెండుచోట్లా పేరు ఒకే తీరుగా ఉండేట్లు చూసుకోండి. ఖాతా పిల్ల పేరుతోనే తెరిచి, ఆధార్‌తో అనుసంధానం చేయించండి. ఏళ్ల తరబడి లావాదేవీలు లేకుండా వదిలేస్తే ఖాతా స్తంభించిపోతుంది. అప్పుడప్పుడు వంద రూపాయలైనా వేస్తూ ఉండండి.

ఇక లోటు వైపు. కిక్కిరిసిన తరగతులు, భర్తీ కాని ఉపాధ్యాయ ఖాళీలు, నీళ్లు రాని మరుగుదొడ్లు చాలాచోట్ల ఉన్నాయి. వాటిని దాచి లాభం లేదు. కానీ 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ సంఘంలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలై ఉండాలి. ప్రైవేటు బడి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే మనకు ఇక్కడ కుర్చీ వేసి ఉంది. కూర్చునేవారే తక్కువ.

అన్నిటికన్నా మనసును కలచే లోటు తెలుగు. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. ఉన్న ఊరి భాష నేర్వడంలో తప్పు లేదు, అది మన పిల్లలకు అన్నం పెట్టే భాష. అదే ఏర్పాటులో మాతృభాషను ఐచ్ఛిక పాఠ్యాంశంగా చదివే వీలు కూడా ఉంది. అయితే అడిగే పిల్లలు లేకపోతే తెలుగు పంతులుగారి పోస్టు నిలవదు. హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమం బడులు ఇంకా బతికి ఉన్నాయంటే అక్కడివారు పిల్లలను పంపుతున్నందువల్లనే. తక్కినచోట్ల ప్రవేశపత్రంలో మాతృభాష అన్న గడిలో మనవాళ్లే "తమిళం" అని రాసి వస్తున్నారు. ఆ గడిలో తెలుగు అని రాయడానికి పైసా ఖర్చు లేదు.

మన సంఘం తరఫున ఈ ఏడు రెండు పనులు చేయవచ్చు. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఉపకారవేతన పరీక్షకు ఆదివారం తరగతులు పెట్టవచ్చు. విశ్రాంత ఉపాధ్యాయులు మనలో కొదవ లేరు. దరఖాస్తులు, ఖాతాల చిక్కులు సరిచేసే పని నాలాంటి బ్యాంకువాళ్లం చూసుకుంటాం. తల్లిదండ్రులు చేయవలసినది ఒక్కటే. అయిదవ తరగతి పూర్తి కావస్తున్న పిల్లలున్నవారు ఫీజు చలానా నింపేముందు మీ ఊరి ప్రభుత్వ పాఠశాలకు ఒక్కసారి వెళ్లి చూడండి. చూసిన తర్వాత ఏ బడిలో చేర్చాలన్నది మీ ఇష్టం.